వలస వెళ్లిన ఆర్కిటెక్ట్‌కి మ్యూజియం, ఎగ్జిబిషన్ హాల్ పనులు ఇస్తారా?

జడ్చర్ల దగ్గరి ఊరి అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. హైదరాబాద్‌లో బి.ఆర్క్ చివరి సంవత్సరం చదువుతోంది. మ్యూజియంలు, ఎగ్జిబిషన్ సెంటర్ల లాంటి పబ్లిక్ బిల్డింగులు డిజైన్ చేయాలని, అందుకోసం అమెరికా పోవాలని కోరిక. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషికి అలాంటి పని అప్పజెప్తారా, థీసిస్‌కి ఏం తీసుకోవాలి అని అడిగింది. నాయిన మాత్రం పొలం మీద అప్పు తెచ్చి పోవద్దని, ఇక్కడే గవర్నమెంట్ ఉద్యోగం చూసుకోమని అంటున్నాడట.

చెల్లె, నేను అమెరికాలో ఎగ్జిబిషన్ హాళ్లు, మ్యూజియంలు చేసే ఆఫీసుల్లో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు నల్గొండలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇస్తారా అంటే ఇస్తారు, కానీ ఆలస్యంగా ఇస్తారు. ఎందుకు ఆలస్యమో తెలుసుకుంటే, పోవాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకోగలవు.

ఇల్లు కట్టించుకునే మనిషి తన డబ్బు తన ఇష్టం వచ్చినవాళ్ల చేతిలో పెడతాడు. కాలేజీలో నీ తెలివి చూసిన స్నేహితుడు నీకు మొదటి ఇల్లు ఇస్తాడు. పబ్లిక్ బిల్డింగ్ అట్లా రాదు. అది జనం డబ్బు, కమిటీ నిర్ణయం. కమిటీ అడిగే మొదటి ప్రశ్న: ఇంతకుముందు ఇలాంటిది ఎక్కడ కట్టారు? రెండోది పైకి అడగరు: ఈ ఊరు మీకెంత తెలుసు? వలస వచ్చిన మనిషికి ఈ రెండింటికీ జవాబు ఉండదు, సంపాదించుకోవాలి. దానికి పట్టే కాలమే ఈ కెరీర్‌లో పెద్ద భాగం.

జేమ్స్ ఇంగో ఫ్రీడ్ గురించి మన కాలేజీల్లో తక్కువ చెప్తారు. నువ్వడిగిన దారిలో నాకు అందరికన్నా పనికొచ్చిన ఉదాహరణ ఆయనే. 1930లో జర్మనీలోని ఎస్సెన్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1939లో, చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే నాజీల నుంచి తప్పించుకొని షికాగో చేరాడు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివి, 1956లో ఐ.ఎం.పే అనే పేరున్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరాడు. న్యూయార్క్‌లోని జావిట్స్ కన్వెన్షన్ సెంటర్ ఆయన డిజైన్, 1986లో తెరిచారు. నాజీలు చేసిన యూదుల ఊచకోతను గుర్తుచేసే వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మెమోరియల్ మ్యూజియం కూడా ఆయనదే, 1993లో తెరిచారు. ఆ ఆఫీసు పేరులో ఫ్రీడ్ పేరు చేరింది 1989లో. అంటే 33 ఏళ్లు వేరొకరి పేరు మీద నడిచే ఆఫీసులో పనిచేశాకన్నమాట. ఆయన్ని ఎవరో తొక్కేశారని నేను ఈ లెక్క చెప్పడం లేదు. జావిట్స్ అంత హాలు ఒక్కడు కూర్చొని గీసేది కాదు. దాని స్పేస్ ఫ్రేమ్‌లో, అంటే కడ్డీలు అల్లిన చట్రంలో, ఆ కడ్డీలు కలిసే ముడుల దగ్గర వాడిన పోత భాగాల్లో లోపాలు బయటపడి పని ఆగిపోయింది. అట్లాంటి దెబ్బ తట్టుకునే ఇంజనీర్లు, లాయర్లు, డబ్బు ఉన్న ఆఫీసు వెనక ఉండాలి. పబ్లిక్ బిల్డింగులు చేయాలనుకున్న వలస ఆర్కిటెక్ట్ సొంత బోర్డు పెట్టే తొందర మానుకోవాలి. అవే పనులు చేసే ఆఫీసు వెతుక్కొని అందులో పాతుకుపోవాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

ఆ పే కూడా వలస వచ్చినవాడే. చైనా నుంచి 1935లో చదువుకోడానికి వచ్చాడు, 1954లో అమెరికా పౌరుడయ్యాడు. సొంత ఆఫీసు పెట్టకముందు ఏళ్లతరబడి న్యూయార్క్‌లో ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి దగ్గర ఉద్యోగం చేశాడు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఈస్ట్ బిల్డింగ్ తెరుచుకున్నది 1978లో. పారిస్‌లో అందరూ ఫొటో దిగే లూవ్ర్ మ్యూజియం గాజు పిరమిడ్ 1989లో. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

లూయీ కాన్ నీకు తెలుసు, అహ్మదాబాద్ ఐఐఎం గీసినందువల్ల మన దేశంలో అందరికీ తెలుసు. ఆయనది ఎస్టోనియా. 1906లో పసివాడిగా ఫిలడెల్ఫియా వచ్చాడు. 1926లో ఆ నగరంలో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌కి తాత్కాలిక భవనాలు గీసిన బృందంలో ముఖ్యుడు. ఆరు నెలల కోసం లేపి తర్వాత విప్పేసే షెడ్లతో మొదలైన మనిషి, మొదటి పేరున్న పబ్లిక్ బిల్డింగ్, యేల్ ఆర్ట్ గ్యాలరీ, పూర్తిచేసింది 1953లో. వయసు 52. మధ్యలో ప్రభుత్వ హౌసింగ్ పనులు, కూలీల కాలనీలు చేశాడు. ఊరు మాత్రం మారలేదు. నేను చూసిన మన పిల్లల్లో చాలామంది రెండేళ్లకో నగరం మారుతుంటారు, జీతం కాస్త పెరుగుతుందని. సాఫ్ట్‌వేర్‌లో అది చెల్లుతుంది. మన పనిలో ఊరు మారిన ప్రతిసారీ అక్కడి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్, కాంట్రాక్టర్లు, జనం మళ్లీ కొత్తే.

ఇంకో తలుపు ఉంది, పేరు చూడకుండా డ్రాయింగులు మాత్రమే చూసి ఎంచే డిజైన్ పోటీ. రఫాయెల్ వినోలీ ఉరుగ్వేలో పుట్టి, అర్జెంటీనాలో పెద్ద పెద్ద పనులు చేసి, అక్కడ సైనిక పాలన వచ్చాక 1970ల చివర్లో అమెరికా వచ్చాడు. 1983లో న్యూయార్క్‌లో సొంత ఆఫీసు. 1989లో టోక్యో ఇంటర్నేషనల్ ఫోరమ్ పోటీ గెలిచాడు. 1996లో ఆ గాజు హాలు పూర్తయ్యాక పిట్స్‌బర్గ్, బోస్టన్ కన్వెన్షన్ సెంటర్లు వచ్చాయి. పోటీ గెలిచి ఒక్కసారిగా పైకి వచ్చాడని అంటారు. కానీ అర్జెంటీనాలో స్టేడియంల దాకా కట్టిన అనుభవం ఆ డ్రాయింగుల వెనక ఉంది. ఇరాక్‌లో పుట్టి లండన్‌లో ఆఫీసు పెట్టిన జహా హదీద్ 1983లో హాంకాంగ్ పోటీ గెలిచింది, అది కట్టనే లేదు. కట్టినవాటిలో మొదటి పేరున్న పని 1993లో జర్మనీలో ఒక చిన్న ఫైర్ స్టేషన్. కార్డిఫ్ ఒపేరా హౌస్ పోటీ గెలిచినా పని దక్కలేదు. గెలుపుకీ కట్టడానికీ మధ్య అంత దూరం ఉంటుంది. అయినా నువ్వు పోటీలకు పంపు, ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు కూర్చొనైనా పంపు. పేరు లేని కాగితం మీద నీ ఊరు, యాస ఎవరికీ కనపడవు.

నాకు అందరికన్నా దగ్గరగా అనిపించే మనిషి ఫ్రాన్సిస్ కేరే. బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె. ఆ ఊళ్లో బడి లేక చిన్నప్పుడే వేరే ఊరు పోయి చదువుకున్నాడు. 1985లో వడ్రంగం నేర్చుకునే స్కాలర్‌షిప్ మీద బెర్లిన్ చేరాడు. అక్కడ ఆర్కిటెక్చర్ చదువుతూనే చందాలు పోగుచేసి, సొంతూళ్లో ఊరివాళ్ల చేతులతో మట్టి ఇటుకల బడి కట్టించాడు. 2001లో అది పూర్తయింది. డిగ్రీ చేతికి వచ్చింది 2004లో, అదే ఏడాది ఆ బడికి ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. 2017లో లండన్ సర్పెంటైన్ పెవిలియన్, 2022లో ఆర్కిటెక్చర్‌లో అన్నిటికన్నా పెద్దదనే ప్రిట్జ్‌కర్ బహుమతి. విదేశంలో చదివి సొంతూళ్లో మొదటి పబ్లిక్ బిల్డింగ్ కట్టి, దాన్ని చూపించి విదేశంలో పని తెచ్చుకున్నాడు. మీ ఊళ్లో అంగన్‌వాడీకి గదో, గ్రంథాలయానికి వరండానో కావాల్సి ఉంటే దాన్ని చిన్నపనిగా చూడకు.

ఇటునుంచి పోవడమే కాదు, అటునుంచి వచ్చినవాళ్లనూ చూడు. మహబూబ్‌నగర్ రైలు కోసం నువ్వు పోయే కాచిగూడ స్టేషన్, మూసీ ఒడ్డు మీది హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్‌వి. 1939లో తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశస్థుడిది. ఆ కాలేజీ పోర్టికోలో నిలబడి పైకి చూడు. గుడి స్తంభాల తీరూ, సుల్తానుల కమానూ ఒకే గోడలో కలిశాయి. బయటి మనిషి ఇక్కడి రాళ్లు చూసి నేర్చుకొని గీసినది అది. రేపు నువ్వు ఇంకో దేశంలో చేయాల్సిన పని అదే. మన గోపురం బొమ్మ తీసుకుపోయి అక్కడ అతికించడం కాదు, అక్కడి రాయి, అక్కడి జనం ఎట్లుంటారో చదవాలి.

ఇక అసలు పని ఎట్లుంటుందో చెప్తాను, ఎందుకంటే కాలేజీలో ఎగ్జిబిషన్ హాల్ అంటే పైకప్పు ఆకారం గీయడమే అనుకుంటారు. అమెరికా ట్రేడ్ షోల్లో మామూలు స్టాల్ 10 అడుగులు బై 10 అడుగులు. అందుకే కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ అందించే ఫ్లోర్ బాక్సులు సాధారణంగా 30 అడుగులకొకటి పెడతారు, స్తంభాల దూరం కూడా ఆ కొలతకే కుదురుస్తారు. షో అయిపోయిన రాత్రి ఎన్ని ట్రక్కులు వెనక సరుకు ఎక్కించే డాక్ దగ్గర నిలబడగలవు, ఖాళీ పెట్టెలు ఎక్కడ పెడతారు అన్నవి పైకప్పు కన్నా ముందు తేలాలి. మిషన్లు, ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతాయి కాబట్టి అక్కడి పెద్ద హాళ్లలో నేలను చదరపు అడుగుకు 350 పౌండ్ల వరకు బరువుకు లెక్కకడతారు.

ఈ చదువు నీకు ఇంటి దగ్గరే దొరుకుతుంది. మహబూబ్‌నగర్‌లోనో జడ్చర్లలోనో ఒక పెద్ద ఫంక్షన్ హాలుకి ముహూర్తాల రోజుల్లో పో, టేపు, నోటు పుస్తకం పట్టుకొని. వంటవాళ్ల ఆటో ఏ గేటు నుంచి వస్తోంది, పెళ్లికూతురు కారు దానికి ఎక్కడ అడ్డం పడుతోంది, భోజనాల బంతులు లేచినప్పుడు చేతులు కడిగే చోట జనం ఎట్లా గుమిగూడుతున్నారు, ముసలాళ్లకు ఎన్ని మెట్లు, జనరేటర్ పొగ ఎటు పోతోంది, ఇవన్నీ గీసుకో. చాలా హాళ్లకు ముందు గుమ్మం ఒక్కటే అసలు దారి. నాంపల్లి నుమాయిష్ నీకు కొత్త కాదు. 1938లో మొదలైన ఎగ్జిబిషన్ అది, ఏటా జనవరిలో మొదలవుతుంది. 2019 జనవరి 30 రాత్రి అక్కడ మంటలు లేచి స్టాళ్లు వరసగా కాలిపోయాయి. స్టాలుకీ స్టాలుకీ మధ్య ఖాళీ, ఫైరింజన్ తిరిగే దారి, బయటికి పోయే గేట్ల వెడల్పు, ఈ మూడింటి మీదే ఎగ్జిబిషన్ ఆర్కిటెక్ట్ బతుకు నడుస్తుంది. ఇంటర్వ్యూలో నీ రెండరింగుల కన్నా ఇట్లాంటి షీటు ఒక్కటి చూపిస్తే సీనియర్లు ఆగి చూస్తారు. ఇంటర్వ్యూ తీసుకునే వైపు కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను.

మ్యూజియంది వేరే లెక్క, అక్కడ అన్నీ వెలుగు దగ్గర తేలతాయి. కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మల మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే యూనిట్) మించకుండా చూస్తారు. తైలవర్ణ చిత్రాల మీద 200 దాకా పరవాలేదు. రాతి విగ్రహానికి వెలుగుతో హాని లేదు, దానికి బరువే సమస్య. భవనాల బరువు లెక్కలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం మ్యూజియం నేలకు చదరపు మీటరుకు 4 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 400 కిలోలు పట్టుకుంటాం. మీటరు చదరం, రెండు మీటర్ల ఎత్తున్న గ్రానైట్ దిమ్మె ఐదు టన్నులు దాటుతుంది. మేడ మీద పెడితే ఏమవుతుందో నువ్వే చూసుకో.

నల్గొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కాలేజీ ట్రిప్పులో చూసే ఉంటావు, సెల్ఫీ దిగి వచ్చి ఉంటావు. ఈసారి ఒక్కదానివే రా. అది మూడు గర్భగుళ్ల ఆలయం. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడలాంటిది పగలంతా కదలకుండా ఉంటుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? ఎందుకంటే ఆ నీడకు కారణం నేరుగా పడే ఎండ కాదు. ఆవరణ నుంచి, చుట్టూ ఉన్న ఆకాశం నుంచి మండపంలోకి చెదిరి వచ్చే వెలుగును స్తంభాలు అడ్డుకోవడం వల్ల ఏర్పడుతుంది. స్తంభాల మధ్య ఖాళీలు, గర్భగుడి ద్వారం ఆ లెక్కకు కుదిరాయి. ఇప్పుడు టెక్సాస్‌లో కాన్ కట్టిన కింబెల్ మ్యూజియం సెక్షన్ (నిలువుగా కోసి చూపే డ్రాయింగు) పక్కన పెట్టుకో. 1972లో తెరిచారు. దాని ఇంజనీరు కోమెండాంట్ కూడా ఎస్టోనియా మనిషే. 100 అడుగుల పొడవు, 23 అడుగుల వెడల్పు కమాను కప్పులు, వాటి నడినెత్తిన సన్నని చీలిక, దాని కింద చిల్లులున్న అల్యూమినియం రేకు. ఎండ ఆ రేకు మీద పడి, ఎగిరి కాంక్రీటు కప్పు అడుగుకు తగిలి, అక్కడినుంచి మెత్తగా బొమ్మల మీదికి దిగుతుంది. అక్కడి ఎండా మన పాలమూరు ఎండలాగే మండుతుంది. అంత ఎండను లోపలికి తెచ్చి బొమ్మలకు హాని లేకుండా చేయడం, ఎండ తగలని చోట నీడను నిలబెట్టడం, రెండూ చెదిరిన వెలుగును నడిపించే విద్యలే. అందుకే చెప్తున్నాను, ఫోన్ యాప్ కాకుండా ఒక చిన్న లక్స్ మీటరు కొనుక్కో. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం గుడి ఆవరణలో, మండపంలో, గర్భగుడి గడప దగ్గర కొలిచి రాసుకో. అక్కడికి దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియం ఉంది, ఆ శిల్పాల మీదా కొలువు. వెలుగును అంకెల్లో తెలిసిన జూనియర్‌కి మ్యూజియం ఆఫీసుల్లో చాలా విలువ ఉంది.

థీసిస్ సంగతి కూడా దీంతోనే తేలిపోతుంది. ఏ ఊళ్లోనైనా పెట్టగలిగే ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్ తీసుకోకు, అట్లాంటివి అడ్మిషన్ కమిటీలు వందల్లో చూస్తాయి. అలంపూర్, గద్వాల వైపు చూడు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అటు నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా తవ్విన కట్టడాల్లో కొన్నింటిని అట్లాగే పైకి తెచ్చి తిరిగి కట్టారు. ఒక వస్తువును దాని చోటు నుంచి తీసి ఇంకోచోట పెట్టి, జనానికి అర్థమయ్యేలా చూపించడమే కదా ఎగ్జిబిషన్ డిజైన్. పక్కన గద్వాల చీర ఉంది, నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసేది. ఐదు టన్నుల రాయీ, 50 లక్స్‌కి మించి ఓర్చుకోని చీరా ఒకే కప్పు కింద ఉండాల్సిన మ్యూజియం గీయి. ఆ సమస్యలో లోడు, వెలుగు, చెమ్మ, నేత కుటుంబాలు, గుడికి వచ్చే జోగులాంబ భక్తుల రద్దీ అన్నీ వస్తాయి. ఆ రద్దీ పండుగనాడు ఎట్లుంటుందో తెలిసిన మనిషివి నువ్వు, అమెరికా విద్యార్థికి అది తెలియదు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. అమెరికాలో లైసెన్స్ లేకుండా ఆర్కిటెక్ట్ అని పేరు పక్కన రాసుకోరాదు, డిజైనర్ అంటారు. గుర్తింపు ఉన్న ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) చేస్తే దారి సులువు. తర్వాత ఏఎక్స్‌పీ అనే పని అనుభవం నమోదు పద్ధతి కింద 3,740 గంటల పని చూపించాలి, లైసెన్స్ కోసం ఏఆర్‌ఈ అనే ఆరు పరీక్షలు రాయాలి. గంటలు ఎప్పటికప్పుడు నమోదు చేసుకో, ఎప్పుడో ఒకసారి చేద్దామనుకుంటే పోతాయి. ఉద్యోగ వీసా కోసం తీసే హెచ్1బీ లాటరీ నీ చేతిలో లేనిది, నిబంధనలూ మారుతుంటాయి, కాబట్టి దాని మీద జీవితం మొత్తం పందెం కాయకు. కొన్ని ఎం.ఆర్క్ కోర్సులకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ చదువు) గుర్తింపు ఉంది, ఉంటే చదువయ్యాక పనిచేయడానికి మొదటి ఏడాది మీద ఇంకో 24 నెలలు దొరుకుతాయి. అప్లై చేసేముందే యూనివర్సిటీని అడుగు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు లేదా తక్కువ, కానీ ఆఫీసులో జర్మన్ మాట్లాడాలి, రాయాలి. ఇంకో మాట, అమెరికాలో పబ్లిక్ బిల్డింగ్‌కి బహిరంగ విచారణలు ఉంటాయి. కాలనీవాళ్లు మైకు పట్టుకొని ట్రాఫిక్ గురించి, పార్కింగ్ గురించి నిలదీస్తారు. వాళ్ల ముందు నిలబడి కోపం లేకుండా జవాబు చెప్పగలగాలి. మన గ్రామసభల్లో కూర్చున్న పిల్లలకు ఇది త్వరగా అబ్బుతుంది.

నాయిన మాటను కొట్టిపారేయకు. నారాయణపేట, కోస్గి వైపు నుంచి బొంబాయి, పుణె బస్సులెక్కిన తరాన్ని ఆయన చూసి ఉంటాడు. పాలమూరు లేబర్ అని పేరు పడ్డ మన మనుషులు దేశమంతా డ్యాములు, కాలువలు కట్టారు. గుంపు మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరక ఏళ్లకేళ్లు బయటే ఉండిపోయారు. ముందు అప్పు, తర్వాత పని అనే పద్ధతి అంటే ఆయనకు భయం ఉండటం న్యాయం. ఆర్కిటెక్ట్ జీతం అక్కడ కూడా సాఫ్ట్‌వేర్ జీతం కాదు, పొలం మీద పెద్ద అప్పు తెచ్చి ఆ జీతంతో తీర్చడం చాలా టెన్షన్. అసిస్టెంట్‌షిప్పో, ఫీజు మాఫీయో వస్తేనే పో. లేదంటే రెండు మూడేళ్లు ఇక్కడ పబ్లిక్ పనులు చేసే ఆఫీసులో చేరి సైట్ మీద ఉండు. సెంట్రింగ్, టెండరు, బిల్లు, మేస్త్రితో మాట తెలిసి పోయిన మనిషికి అక్కడ మొదటి ఉద్యోగం త్వరగా దొరకడం నేను చూశాను. గవర్నమెంట్ ఉద్యోగం విషయంలో మాత్రం ఆయనకు ఒకటి వివరంగా చెప్పు. ఆర్ అండ్ బీ ఇంజనీరు పోస్టులు సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు, బి.ఆర్క్‌కి దారి టౌన్ ప్లానింగ్ వైపు. నోటిఫికేషన్ వస్తే రాయి, రాస్తే పోయేదేం లేదు.

ఏ దేశం పోయినా, డిగ్రీ రాగానే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకో. అక్కడున్నా రెన్యూవల్ ఆపకు. ఎప్పుడైనా మీ మండలంలో గ్రంథాలయమో, గద్వాలలో మ్యూజియమో కట్టే అవకాశం వస్తే డ్రాయింగు మీద నీ సంతకం చెల్లాలి. పానగల్లు కొలతలు తీసుకున్నాక ఇక్కడే పెట్టు, సెక్షన్‌తో సహా. చూసి రాస్తాను.